లోకం మిగిలితే లగ్నం

లోకం అంతం కావడానికి ఇంకా మూడు రోజులున్నాయి. శ్రీకంఠ సెలవు అయిపోవడానికి నాలుగు.

1962 ఫిబ్రవరి. ఎనిమిది గ్రహాలు ఒకే రాశిలో చేరుతున్నాయని చింతామణి ఊరి నిండా హోమాలు. పెళ్ళిచూపులకని బస్టాండు నుంచి పిల్ల ఇంటిదాకా శ్రీకంఠ పొగలోనే నడిచాడు. కళ్ళు తుడుచుకుంటూ గడప ఎక్కాడు.

"ఇప్పుడే ఏడుస్తాండారే! నన్ను చూసినాక గదా ఏడవాల్సింది?" అంది తలుపు దగ్గర నిలబడ్డ అమ్మాయి.

ఆమే అంబుజ. హైస్కూల్లో లెక్కల టీచరు. శ్రీకంఠ అక్కడే సగం పడిపోయాడు. మిగతా సగం ఆమె తండ్రికి జవాబు చెప్పాలి కాబట్టి నిలబడింది.

ఆ తండ్రి, అనంతపద్మనాభ శాస్త్రి, పంచాంగం గుణిస్తాడు. ఐదో తేదీ ప్రళయమని ఊరికి చెప్పింది ఆయనే.

"బొంబాయిలో ఏం చేస్తాండావప్పా?"

"అణు పరిశోధనాలయంలో సైంటిస్టునండీ."

"బాంబు చేస్తావా?"

"లేదు."

"మిషన్లు నడిపిస్తావా?"

"నన్ను ముట్టనివ్వరు. ఒకసారి ముట్టుకుంటే ఫ్యూజు పోయింది. నాది థియరీ. అణువు లోపల ఏం జరుగుతుందో కాగితం మీద లెక్క కడతాను."

"అణువును చూసినావా?"

"ఇంకా లేదండీ."

శాస్త్రి భార్య వైపు తిరిగాడు. "చూడని దాన్ని గురించి గీకేదానికి సర్కారు సంబళం ఇస్తాండాది!"

"నువ్వు రాహువును యాడ చూసినావు నాయనా?" అంది లోపలి నుంచి అంబుజ.

శాస్త్రికి ఆ వైపు చెవి పనిచెయ్యలేదు. "సరే, ఐదో తేదీ ఏమైతాదో నీ లెక్క చెప్పు."

"ఏమీ కాదు. ఆరో తేదీ నేను బండెక్కాలి."

శాస్త్రి ముఖం ఎర్రబడింది. "అట్లయితే లోకం మిగిలినాక రా. అప్పుడు మాట్లాడుకుందాం."

మర్నాడు బడికి పోతూ అంబుజ, శ్రీకంఠ దిగిన బస్టాండు హోటలు ముందు ఆగింది.

"మీ లెక్క తప్పితే?"

"అడిగేవాళ్ళే ఉండరు."

"ఒప్పయితేనే కష్టం. నాయన లెక్క తప్పంటే ఆయనకు పడదు. పోయినేడు ఒక సంబంధం అట్లే పోయింది. గ్రహణం టైములో రెండు నిమిషాల తేడా."

"నిజంగా తప్పా?"

"తప్పే. పట్టింది నేనే. పాపం, నాయన ముందర చెప్పేసింది ఆ పెళ్ళికొడుకు." నవ్వింది. వెంటనే గొంతు మారింది. "ఇంకో మాట. నాయనను మంచి చేసుకునేదానికి అబద్ధం చెప్పేవాడు నాకు వద్దు."

ఆరో తేదీ సూర్యుడు ఒక్క నిమిషం కూడా ఆలస్యం చెయ్యలేదు. శాస్త్రి అరుగు చుట్టూ ఊరు ఊరంతా ఉంది. ఆయన మెడ నిండా దండలు.

"చూసినావా! నా హోమమే లోకాన్ని నిలబెట్టింది. ఔనంటే ఇప్పుడే తాంబూలాలు. కాదంటే అదో, బెంగళూరు బస్సు."

కిటికీలో అంబుజ ఒక కనుబొమ్మ ఎత్తింది. అణువు లోపలి సంగతి లెక్క కట్టగలిగిన శ్రీకంఠ ఆ కనుబొమ్మ వైపు చూడలేకపోయాడు.

"శాస్త్రులవారూ, అది తేల్చాలంటే హోమం చెయ్యని లోకం ఇంకొకటి కావాలి. రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. మా పరిశోధనాలయంలో కూడా అది లేదు. కాబట్టి కాదని నేను చెప్పలేను."

"విన్నారా!" శాస్త్రి ఎగిరి లేచాడు. "బొంబాయి సైంటిస్టే కాదనలేకపోయినాడు! తాంబూలాలు తెండి!"

"ఔనని కూడా అనలేదు," అంది కిటికీ, శ్రీకంఠకు మాత్రమే వినపడేటట్టు.

శాస్త్రి అప్పటికే లగ్నం గుణిస్తున్నాడు. అంబుజ తాంబూలం పళ్ళెం తెచ్చి శ్రీకంఠ ముందు పెట్టింది. తమలపాకుల కింద ఒక పెన్సిలు.

"నాయన గుణించినాక ఆ లగ్నం ఒకసారి సరిచూడండి."

"తప్పుంటే చెప్పాలా?"

"నాకు చెప్పండి. చాలు."