ముందు సవతికి

మా సతారాలో శ్రావణం వానకి పట్టపగలే దీపం పెట్టుకోవాలి. ఆ మధ్యాహ్నం కోడలు ప్రాజక్త నా కాగితాలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించింది. ఆధార్, రేషన్ కార్డు, ఓటరు కార్డు, నా పెళ్ళి ఫొటో. అన్నీ ఒక ఫోల్డర్‌లో పెట్టి, కింద నా పేరు కొట్టింది. హౌసాబాయి.

"ఎక్కడ పెట్టమంటారు, ఆయీ?"

"తెరవగానే కనపడాలి. అన్నిటికంటే ముందు."

"డెస్క్‌టాప్ మీద మొదట్లోనే పెట్టాను. మహారాణిగారు చూసుకోవచ్చు."

చూసుకున్నాను. నేను బడికి పోలేదు. చదవగలిగేది రెండే పేర్లు. ఒకటి నాది. రెండోది తానూబాయి, నా మొగుడి మొదటి పెళ్ళాం. నేను కాపురానికి వచ్చేసరికే పోయింది. కాని ఇంట్లో ప్రతి ఇత్తడి చెంబు మీదా ఆవిడ పేరే చెక్కి ఉంది. తోమి తోమి ఆ అక్షరాలు నేర్చుకున్నాను.

ఆవిడ ముఖం చెక్కిన వెండి బిళ్ళ పెళ్ళినాడే నా మెడలో వేశారు. మాలో రెండో పెళ్ళాం అది వేసుకోవాల్సిందే. కొత్త చీరైనా, తొలి మామిడిపండైనా ముందు ఆ బిళ్ళకి తాకించాలి. తరవాతే నాకు. ఇన్నేళ్ళూ నేను కట్టుకున్నవన్నీ ఆవిడ విడిచినవే. మొగుడితో సహా.

"బిళ్ళ తాకించరా?" అంది ప్రాజక్త. "కొత్తది కదా."

"చచ్చినదానికి కంప్యూటరెందుకే? ఇదొక్కటీ నాది." బిళ్ళని వీపువైపు తిప్పేసుకున్నాను.

వరండాలో బట్టలు తడుస్తున్నాయని కోడలు లేచి వెళ్ళింది. నేను నా పేరు చూసుకుంటూ కూర్చున్నాను. వాన హోరు పెరిగింది. గదిలో ఆ తెర వెలుగు తప్ప ఏమీ లేదు.

ముందు వాసన వచ్చింది. చింతపండు, బూడిద. ఇప్పుడు మా ఇంట్లో వాటితో ఎవరూ తోమరు.

తరవాత వంటింట్లో చెంబు దొర్లిన చప్పుడు. దొర్లుతూ... దొర్లుతూ... నా కుర్చీ వెనక ఆగింది.

మెడలో గొలుసు బిగుసుకుంది. మెల్లగా. వెనకనించి ఎవరో సర్దుతున్నట్టు.

తెర ఒకసారి రెపరెపలాడింది. నా ఫోల్డర్ ఒక మెట్టు కిందకి జరిగింది. దాని చోట ఇంకొకటి. కింద పేరు... నాకు ఎవరూ చదివి పెట్టక్కర్లేదు.

"అమ్మాయ్," అన్నాను.

ప్రాజక్త తడి బట్టలతో వచ్చింది. "ఆవిడ పేరు పెట్టారేం, ఆయీ?"

"నేనా? నాకు మీట నొక్కడం వచ్చా? నాది తెరువు."

తెరిచింది. లోపల ఏమీ లేదు.

"ఇప్పుడే కదా పెట్టాను..."

"పైది తెరువు."

అన్నీ అందులోనే ఉన్నాయి. చివర పెళ్ళి ఫొటో. మా ఆయన పక్కన నా పెళ్ళిచీరలో ఎవరో. ప్రాణంతో ఎన్నడూ చూడలేదు. వెండిలో రోజూ చూసిన ముఖం. ఆవిడ మెడలో ఒక బిళ్ళ వేలాడుతోంది. ప్రాజక్త దాన్ని పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది.

"ఎవరే అది?"

"గడ్డం మీద పుట్టుమచ్చ ఉంది, ఆయీ..." గుసగుసగా అంది. "మీకున్నట్టే."

వీపు తడుముకున్నాను. గొలుసు ఉంది. బిళ్ళ లేదు.

చెయ్యి గడ్డం మీదకి పోయింది. చల్లగా తగిలింది. నున్నగా. వెండిలాగా.