గురువారం దాకా గొంతు

"దేవుడు నోరిచ్చాడు కదా అన్నది మీరేనా?"

ఆఫీసు క్యాంటీన్‌లో టీ తాగుతున్న అతను తలెత్తాడు. ఎదురుగా నీళ్లు కారుతున్న గొడుగుతో ఒకమ్మాయి. గొంతు బొంగురుగా ఉంది, కోపం మాత్రం స్పష్టంగా ఉంది.

"నేనే. మీరు?"

"ఎర్రపెన్ను."

అతనికి పొలమారింది.

మూడేళ్లుగా మెయిల్లో పోట్లాడుకోవడమే తప్ప ఇద్దరూ ముఖాలు చూసుకున్నది లేదు. లైబ్రరీలకు ఉచితంగా ఇచ్చే ఒక ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కి అతను కోడ్ రాస్తాడు. ఆమె మాన్యువల్ రాస్తుంది, అతని వాక్యాలను చీల్చి చెండాడుతుంది. అందుకే ఆ పేరు పెట్టాడు. ప్రాజెక్టు ముచ్చట్లన్నీ మెయిలింగ్ లిస్టులోనే. ఒక్క అడ్రసుకి రాస్తే నాలుగు వందల మందికీ చేరుతుంది. దాన్ని ఇన్నాళ్లూ మోసిన కాలేజీ సర్వర్ నెలాఖరుకి మూతపడుతోంది. కొత్త చోటు వెతకమని అతనికి అప్పజెబితే, అసలు లిస్టే వద్దు, వారానికోసారి వాయిస్ కాల్‌లో అన్నీ తేల్చేద్దాం అని రాశాడు. దేవుడు నోరిచ్చాడు కదా, ఇంకా ఈ ఉత్తరాలేమిటని కింద ఓ ముక్క తగిలించాడు.

"నాలుగు రోజులుగా రాస్తున్నా మీ బుర్రకెక్కలేదు. సరే, నోటితోనే చెబుదామని వచ్చాను."

"ముందు కూర్చోండి. టీ చెప్పనా?"

"మింగలేను." ఆమె కుర్చీ లాక్కుంది. "గురువారం ఆపరేషన్. క్యాన్సర్. స్వరపేటిక తీసేస్తున్నారు. తర్వాత మీ వాయిస్ కాల్‌లో నేనేం చెయ్యాలో చెప్పండి. చెయ్యి ఊపనా?"

 అతను సారీ అనబోతే ఆమె వేలు చూపించి ఆపింది.

"జాలి నాకొద్దు. వాదించండి. ఇవాళ సోమవారం. ఇంకా టైముంది."

ఆ సాయంత్రమే అతను లిస్టుకి చోటు చూశాడు. ఆమె మెయిళ్లలో చెబుతూ వచ్చిన సర్వరే, ఇలాంటి ప్రాజెక్టుల కోసం కొందరు వాలంటీర్లు నడుపుతున్నది. పాత ఉత్తరాలన్నీ అక్కడికి చేర్చాడు. ఆమె గెలిచింది. ఆ మాట చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. కానీ చెబితే రేపు ఆమె ఎందుకొస్తుంది? అది స్వార్థమని తెలుసు. తెలిసే దాచాడు.

మంగళవారం ఆమె మళ్లీ క్యాంటీన్‌కి వస్తే కొత్త వంక పెట్టాడు.

"ఆ వాలంటీర్లు రేపు దుకాణం కట్టేస్తే?"

"ఉత్తరాల కాపీ మన దగ్గరుంటుంది కదండీ! పెళ్లి సంబంధాలకీ ఇన్ని వంకలు పెడతారా?"

"పెట్టే అవకాశం ఇంకా రాలేదు."

"రాదు కూడా. ఈ మొండితనం చూస్తే ఎవరొస్తారు?"

ఇద్దరూ నవ్వారు. ఆమె నవ్వు దగ్గులోకి తిరిగింది, ఎంతకీ ఆగలేదు. రుమాలు మడిచి సంచిలో పెట్టుకునేలోపు దాని మీది ఎరుపు అతను చూశాడు. అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు.

బుధవారం వాన. అతను దిగబెట్టడానికి వెళ్లిన బస్టాపులో ఆమె అక్క గొడుగు పట్టుకుని నిలబడింది. "డాక్టరు మాట్లాడొద్దన్నాడే నిన్ను!" అని కసిరింది.

"రేపట్నుంచి మాట్లాడనుగా అక్కా." ఆమె అతని వైపు తిరిగింది. "ఆఖరిసారి అడుగుతున్నా. ఒప్పుకుంటున్నారా, లేదా?"

నువ్వంటే ఇష్టం అన్న మాట అతని నాలుక చివరిదాకా వచ్చింది.

"ఆలోచించి చెబుతాను," అన్నాడు.

బస్సు వెళ్లిపోయింది. తనను తాను తిట్టుకుంటూ వానలో ఇంటికి నడిచాడు. గురువారం ఉదయం, లిస్టు ఉంటుంది, నేను రాసింది తప్పు అని నాలుగు వందల మందికీ మెయిలు పెట్టాడు. అప్పటికి ఆమెను లోపలికి తీసుకెళ్లిపోయారు.

నాలుగో రోజుకి గానీ చూడనివ్వలేదు. ఆమె మెడకి కట్టు, మధ్యలో గొట్టం. ఊపిరి అందులోంచి వస్తోంది. అక్క మందుల చీటీలు సర్దుతోంది.

"సోమవారమే ఒప్పేసుకున్నాను," అన్నాడు నిలబడే. "చెబితే మీరు రావడం మానేస్తారని దాచాను. మీకు మిగిలిన గొంతంతా నేనే వాడేశాను."

ఆమె ఫోన్ అందుకుని ఒక మెయిలు తీసి చూపించింది. "కొత్త లిస్టుకు స్వాగతం." సోమవారం సాయంత్రం వచ్చింది. పని చేస్తుందో లేదో చూడటానికి అతను ముందుగా ఎక్కించింది ఆమె అడ్రసే. ఎక్కించగానే సర్వర్ తనంతట తనే స్వాగతం పంపుతుందన్నది మర్చిపోయాడు.

ఆమె టైపు చేసింది. "మరి మంగళవారం, బుధవారం ఎందుకొచ్చాననుకున్నారు?"

అతను తలెత్తేలోపే మళ్లీ టైపు చేసింది.

"పోయేలోపు గొంతు ఎవరి మీద ఖర్చు పెట్టాలో నేనే తేల్చుకున్నాను."

ఆమె కళ్లు నిండాయి, భుజాలు కదిలాయి. ఏడుపుకి చప్పుడు లేదు. అది అతను భరించలేకపోయాడు.

"నన్ను పెళ్లి చేసుకుంటారా?"

అక్క చీటీలు పక్కన పెట్టింది. "జబ్బంతా పోయిందో లేదో రిపోర్టు వస్తే గానీ తెలీదు బాబూ. వచ్చే వారం. అది చూసుకుని అడగొచ్చుగా?"

"అది ఎలా వచ్చినా నేనడిగేది ఇదేనండీ."

అక్క కళ్లు తుడుచుకుని స్టూలు మంచం దగ్గరికి జరిపింది.

"కూర్చోండి మరిదిగారూ. దాని కుడిచేతికి సెలైన్ ఉంది. ఎడం చేత్తో టైపు చెయ్యాలంటే ఆలస్యమవుతుంది."

అతను కూర్చున్నాడు. ఆమె ఒక్కో అక్షరమే నొక్కుతోంది.