బాలస్వామి మోటదారి

మర్రిగూడ అవతల దొర చెల్కల నడుమ ఒక మోటబాయి ఉండేది. మూడువందల ఎకరాల సేద్యంల ఏ కూలామెనడిగినా చెప్పేది — దీపాలు పెట్టినంక ఆ దిక్కు పోవద్దని. ఇరవై ఏండ్లు అక్కడ మోట కొట్టి నీళ్లు తోడిన బాలస్వామి ఆ బాయిలనే పడి పానం ఇడిసిండు. ఆయన పోయిన ఏడే కరెంటు మోటరు వచ్చింది, మోట మూలకు వడ్డది. అప్పటి సంది చీకట్ల, బాయి పక్కన ఏటవాలుగ ఉండే మోటదారి మీద ఏదో నడుస్తదని అనేటోళ్లు. ఎనక్కి నడుస్తదట... దెయ్యాలే గదా అట్ల నడిసేది!

బిక్షమ్మ ఆ బాలస్వామి బిడ్డ. ఆమె పెనిమిటి సైదులు దొర దగ్గరనే జీతం ఉండే.

ఒకనాడు, మాసిన తెలుపు రంగున్న ముసలి మైల ఎద్దును తెల్లారి పసుల అంగడికి తోలాలన్నరు. పని చాతగాని ఎద్దును కొనేది ఎవరో, ఎందుకో అందరికెరుకే. తీరా రాత్రి చూస్తే కొట్టంల ఎద్దు లేదు.

"తెల్లారేసరికి ఎద్దు కనవడకుంటే నువ్వు గూడ నాకు కనవడకు సైదులూ," అన్నడు పెద్ద జీతగాడు కిష్టయ్య.

సైదులు ఆముదం చేన్లన్ని ఎతికిండు. బాయి కాడికి మాత్రం కాళ్లు రాలే.

"నేను పోతా," అన్నది బిక్షమ్మ.

"పిచ్చి లేసిందా? ఆడ..."

"ఆడుంటే మా నాయినే గదా ఉండేది."

అన్నదే గానీ, బాయి గట్టు ఒక్కొక్క అడుగే ఏసుకుంట ఎక్కింది. ఇంకా కోడి కుయ్యలే. గాలి లేదు. కింద దారి మీద — టక్... టక్... టక్...

తెల్లటి ఆకారం. అడుగులు ఆమె దిక్కే వస్తున్నయి. మొఖం మాత్రం అటే ఉన్నది!

బిక్షమ్మ రాయి పట్టుకోని కూలవడ్డది. అది ఎనక్కి... ఎనక్కి... బాయి అంచు దాకా వచ్చి ఆగింది. తోక ఊపింది.

"మైలోడా... నువ్వా రా?"

నవ్వాలో ఏడ్వాలో తెల్వలే ఆమెకు. మోట ఎద్దు ముందుకు దిగి బొక్కెన గుంజుతది, మళ్ల ఎనక్కి నడిసే బాయి కాడికి ఎక్కుతది. పుట్టినకాడి నుంచి నేర్చిన పని. మోట లేకున్నా, తోలే మనిషి లేకున్నా, తాడు ఊడినప్పుడల్లా వచ్చి ఆ దారిల తిరుగుతాంది!

పలుపు పట్టి గుంజింది. కదల్లే. నాయిన ఒక్క మాటంటేనే అది కిందికి దిగేది — "పోదాం బిడ్డా" అని. ఆమె గూడ అందామనుకున్నది. ఇంకా నోరు తెరవలే.

అప్పుడు ఎద్దు చెవులు బాయి దిక్కు తిరిగినయి.

ఒక్క గడియ... ఏదో ఇంటున్నట్టు.

నెమ్మదిగ దిగింది. ఆమె ముందట, కొట్టం దాకా, ఆగకుండ నడిసింది.

అప్పుడే తెల్లవారుతున్నది. కిష్టయ్య ఎదురొచ్చి ఎద్దు పలుపు పట్టుకున్నడు. "యాడ దొరికింది?"

"నాయిన బాయి కాడ."

"మొండిది గదనే! ఎట్ల తోలుకొచ్చినవ్?"

బిక్షమ్మ ఎనక్కి, బాయి దిక్కు చూసింది.

"నేను తోల్లేదన్నా..."

కిష్టయ్య చేతుల పలుపు జారి కిందవడ్డది. ఆ దినం అంగడికి ఎద్దు పోలేదు. తర్వాత గూడ దాన్ని అమ్ముదామని ఎవ్వరూ అనలేదు.