అడగని సంతకం

భానుశ్రీ నాతో మొట్టమొదట మాట్లాడింది టైరు గురించి.

గన్నవరం ఎయిర్‌పోర్టులో పొద్దున్న ఆరు గంటలు. సన్నగా వాన. చెన్నై ఫ్లైటుకి నేను కెప్టెన్ని, బేస్‌కి కొత్తగా బదిలీ మీద వచ్చిన ఆ అమ్మాయి కో-పైలట్. విమానం చుట్టూ ఒకసారి తిరిగొచ్చాక, ఇంజినీరు ఇచ్చిన లాగ్‌బుక్కులో సంతకం పెట్టబోతూ ఒక లైను దగ్గర ఆగాను. మళ్లీ వానలోకి దిగి, ఎడమవైపు టైరు ఇంకోసారి చూసి, తడిసిన చొక్కాతో వచ్చి అప్పుడు పెట్టాను.

"సంతకం పెట్టేముందు మీరు ఇంత చూస్తారాండీ?" అంది.

"చూడకుండా ఎవరైనా పెడతారా?" అన్నాను, కాస్త గర్వంగానే.

"ఏమో. ఊరికే అడిగాను," అని చెక్‌లిస్టు తీసింది.

ఆ 'ఊరికే' నన్ను వారం రోజులు తినేసింది.

నా పేరు తేజేశ్వర్. మా నాన్న పాండురంగయ్య గారికి భవానీపురంలో చేనేత చీరల షాపు. మా కంపెనీ పేరు చెప్పను, ఇంకా అక్కడే పనిచేస్తున్నాను. అప్పట్లో మా పైలట్ల సంఘానికి జాయింట్ సెక్రటరీని కూడా. సంఘం ప్రెసిడెంటు కెప్టెన్ రామకోటేశ్వరరావు గారు "మా తేజ ఎదురు చెప్పడు" అని నలుగురిలో అంటుండేవారు. అది మెచ్చుకోలు అనుకునేంత అమాయకుణ్ణి.

ఆ నెలలోనే బేస్‌లో సంతకాల గొడవ మొదలైంది. మార్చిలో మా సంఘం సభ్యులెవరినీ అడక్కుండా కంపెనీతో ఒప్పందం చేసుకుంది. వారానికి రెండు సెలవుల్లో ఒకటి, కంపెనీ ఫోన్ చేస్తే వదులుకోవాలి. అలసిపోయి ఎగరలేనని చెప్పినవాళ్ల సంగతి ఫైల్లో రాసుకోవచ్చు. ప్రెసిడెంటు గారికి మాత్రం మూడేళ్లుగా పొద్దున్న తొమ్మిదిలోపు ఒక్క ఫ్లైటూ పడలేదు. మేనేజ్‌మెంటు వాళ్లతో ఆయన చేసే విందుల ఫొటోలు మా వాట్సాప్ గ్రూపుల్లో తిరిగేవి. అందరికీ ఒళ్లు మండిపోయింది. సర్వసభ్య సమావేశం పెట్టించాలంటే సభ్యుల్లో మూడోవంతు మంది సంతకాలు చేసి అడగాలి. ఆ కాగితం పట్టుకుని తిరుగుతున్నది భానుశ్రీ.

అందరినీ అడిగింది. రెండు నెలల్లో రిటైరయ్యే అబ్రహాము గారిని అడిగింది. సెలవులో ఉన్న క్రిస్టినాని గుడివాడ వెళ్లి మరీ అడిగింది. నన్ను అడగలేదు.

నేను కమిటీ మనిషిననా? మా ట్రెజరర్ ధనుంజయ్‌ని కూడా అడిగింది కదా, వాడు విసుక్కుని పంపించాడు. నాకు విసుక్కునే అవకాశం కూడా ఇవ్వలేదు ఆ మహాతల్లి.

పది వేల అడుగులు దాటేదాకా కాక్‌పిట్‌లో పనిమాట తప్ప ఇంకేదీ మాట్లాడకూడదని రూలు. చెన్నై ఫ్లైటులో ఎక్కడం, దిగడం పోగా మాకు మిగిలేది అరగంట. డ్యూటీ రోస్టరు మా ఇద్దరినీ కలిపిన రోజుల్లో ఆ అరగంట కోసమే యూనిఫాం ఇస్త్రీ చేయించుకున్నాను. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

"మీది ఏ ఊరండీ?"

"కంకిపాడు. ఇందాక మా చెరుకుతోట మీదుగానే వచ్చాం. అప్పటికి పది వేలు దాటలేదని చెప్పలేదు."

"మీవాళ్లు కింద నుంచి చూస్తారా?"

"మా నాన్న గట్టు మీద నిలబడి చెయ్యి ఊపుతారు. పైకి కనబడరని ఆయనకి చెప్పలేదు."

నవ్వితే ఆ అమ్మాయి ఎడమ కన్ను ముందు చిన్నదవుతుంది. ఆ సంగతి అప్పుడే కనిపెట్టాను.

"సంతకాలు అందరినీ అడుగుతున్నారట."

"అవునండీ."

"నన్ను అడగలేదు."

"లేదండీ."

"ఎందుకని?"

"చెన్నై వెదర్ రిపోర్టు వచ్చింది, చూస్తారా?"

చూశాను. చెన్నైలో ఆకాశం నిర్మలంగా ఉంది. నా బుర్రే మబ్బు పట్టింది.

మరో ట్రిప్పులో మాట కలపడానికని అడిగాను. "ఈ ఏడాది మీకు కెప్టెన్ ప్రమోషన్ రావాలి కదండీ?"

"ఆగింది. ఏప్రిల్లో వరసగా ఐదు రోజులు ఎగిరాక, సెలవు రోజు రమ్మని ఫోన్ చేశారు. కళ్లు మూతలు పడుతున్నాయి, రాలేనన్నాను. అది ఫైల్లో రాసి, ప్రమోషన్ ఏడాది వెనక్కి నెట్టారు."

"అన్యాయం కదూ. ఏ రూలు ప్రకారం చేశారట?"

భానుశ్రీ నావైపు తిరిగింది. కోపంగా చూసినా బాగుండేది.

"ఒప్పందంలో తొమ్మిదో క్లాజు ప్రకారం. కింద మీ సంతకం ఉంది."

ఆ తర్వాత దిగేదాకా మేమిద్దరం పనిమాటే మాట్లాడుకున్నాం.

ఆ సాయంత్రం మా షాపులో కూర్చుని ఆ ఒప్పందం మొదటిసారి చదివాను. అవును, మొదటిసారి. మార్చిలో ఒక హోటల్లో భోజనాల దగ్గర ప్రెసిడెంటు గారు చివరి పేజీ తిప్పి "ఇక్కడ తేజా" అన్నారు. చేతికంటిన బిర్యానీ తుడుచుకుని సంతకం పెట్టేశాను. టైరు కోసం రెండుసార్లు వానలో తడిసినవాణ్ణి, పదకొండు పేజీలు తిరగెయ్యలేకపోయాను. నామీద నాకే అసహ్యం వేసింది.

నాన్న చీరలు మడత పెడుతూ నేను చెప్పిందంతా విన్నారు.

"పెద్దాయనకి ఎదురు చెప్పలేక పెట్టావా, చదవడానికి బద్ధకించి పెట్టావా?"

"రెండూను."

"అయితే రెండూ ఒప్పుకో. ఒకటి దాచావంటే మళ్లీ మొదటికొస్తుంది."

నా సంతకం లేకుండానే కాగితం నిండింది. ఆదివారం పొద్దున్న బందరు రోడ్డులోని హోటల్లో సమావేశం. శనివారం ప్రెసిడెంటు గారి దగ్గర్నుంచి ఫోన్.

"నీ ట్రైనింగ్ కెప్టెన్ ఆర్డరు నా దగ్గరే ఉంది తేజా. రేపు నా పక్కన కూర్చో, చాలు. ఏం మాట్లాడక్కర్లేదు."

కొత్త పైలట్లకి శిక్షణ ఇచ్చే హోదా అది, ఆరేళ్లుగా నేను ఎదురుచూస్తున్న ఆర్డరు. కానీ కంపెనీ ఇవ్వాల్సిన కాగితం సంఘం ప్రెసిడెంటు చేతిలో ఎందుకుంది? ఇంతకాలం నాకు ఆ ప్రశ్న ఎందుకు తట్టలేదు?

ఆదివారం హాలు కిక్కిరిసింది. నేను వేదిక మీద ఆయన పక్కనే కూర్చున్నాను. మూడో వరసలో భానుశ్రీ. నావైపు చూడటం లేదు.

"కమిటీ ప్రతి క్లాజూ చదివి, చర్చించాకే సంతకం చేసింది," అన్నారు ఆయన మైకులో.

లేచాను.

"నేను చదవలేదండీ."

ప్రెసిడెంటు గారు నా చొక్కా అంచు పట్టి లాగారు.

"చర్చేమీ జరగలేదు. మాకు చివరి పేజీ ఒక్కటే చూపించారు. మిగతావి అడగకపోవడం నా తప్పు. ఎదురు చెప్పలేక కొంత, బద్ధకం కొంత. దానివల్ల మనలో ఒకరి ప్రమోషన్ ఆగింది. వాళ్లకి అందరి ముందూ క్షమాపణ చెబుతున్నాను."

ఒక నిమిషం తర్వాత ధనుంజయ్ లేచి, "నేనూ చదవలేదు," అన్నాడు.

ఓటింగు పెట్టారు. కమిటీ రద్దయింది, ఒప్పందాన్ని తిరగతోడాలని తీర్మానం చేశారు. నా పదవీ పోయింది. ట్రైనింగ్ ఆర్డరు ఇంతవరకూ రాలేదు.

బయట పోర్టికోలో వాన వెలిసేదాకా నిలబడ్డాను. భానుశ్రీ వచ్చి పక్కన నిలుచుంది. శభాష్ అంటుందేమోనని ఆశపడ్డాను.

"ఈ మాట మార్చిలోనే అనాల్సింది," అంది.

"నిజమే. ఇప్పుడైనా చెప్పండి, నన్నెందుకు అడగలేదు?"

"నేనడిగితే చదవకుండా పెట్టేస్తారని."

పెట్టేసేవాణ్ణే.

"మీకెలా తెలుసు?"

"క్రూ రూములో పంచదార లేని టీ మూడుసార్లు ఇచ్చాను. నా మొహం చూస్తూ తాగేశారు. నాకోసం పెట్టే సంతకం నాకొద్దండీ. మీ అంతట మీరు తప్పు దిద్దుకుంటారా, లేదా అని చూశాను. దిద్దుకోకపోతే ఏం చెయ్యాలా అని భయపడ్డాను కూడా."

"మీకెందుకు భయం?"

భానుశ్రీ నవ్వింది. ఎడమ కన్ను చిన్నదైంది.

"మీరంటే నాకు చాలా ఇష్టం భానుశ్రీ గారూ," అన్నాను.

"తెలుసు. అది మా నాన్నకి చెప్పేముందు, ఆ సంతకం సంగతి చెప్పాలి. కోపమొస్తుంది ఆయనకి."

"రానివ్వండి. నేనే చెబుతాను."

"అయితే పదండి. భోజనం వేళకి ఇంట్లోనే ఉంటారు."

కంకిపాడులో వాళ్ల నాన్న రత్తయ్య గారు వరండాలో నిలబడే అంతా విన్నారు. నన్ను పైనుంచి కిందిదాకా చూశారు.

"చదవకుండా ఎట్టా పెట్టావయ్యా?"

"తప్పయిందండీ."

"మా పిల్ల ప్రమోషన్ ఆగిన రోజు రెండు పూటలా అన్నం తినలేదు, తెలుసా?"

తెలియదు. నాకా మాట ఎవరూ చెప్పలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆయన లోపలికి చూసి, "పద్మావతీ, ఈ అబ్బాయికి వడ్డించు," అన్నారు. ఆ గొంతులో కోపం తగ్గలేదు. భానుశ్రీ వాళ్లమ్మ పద్మావతమ్మ గారు కంచం పెట్టారు. భానుశ్రీ తన కంచం కూడా తెచ్చుకుని, వాళ్ల నాన్న చూస్తుండగానే వచ్చి నా పక్కన కూర్చుంది.