హీటర్ పక్కన డ్రమ్ము

“వానకి తోలు సాగిపోయిందండీ. కొడుతుంటే దుప్పటి దులిపినట్టుంది.”

డ్రమ్ముల షాపు మేస్త్రిగారి కూతురు కౌంటర్ మీంచి వంగి బయటికి చూసింది. వీధిలో ఎండ ఫెళ్ళున కాస్తోంది.

“ఏ వానండీ?”

కుర్రాడు నీళ్ళు నమిలాడు. “మా వీధిలో పడిందండీ.”

“మీ ఒక్క వీధిలోనేనా? అదృష్టవంతులు!”

డాన్స్ ట్రూపులో చేతి డ్రమ్ము వాయించే ఈ వీరుడు కుళాయి కింద తోలు తడిపి మరీ తెచ్చాడు. ఆ సంగతి ఆమెకి తెలీదని అతని ధీమా.

డ్రమ్ములు చేసి, బాగుచేసే ఆ షాపులో మేస్త్రిగారిది తోలు పక్షం, కూతురిది ప్లాస్టిక్ పక్షం. మొదటిసారి అతను నిజంగానే వానలో తడిసి వచ్చినప్పుడు అతనికీ ఆమెకీ పెద్ద గొడవే అయింది.

“ప్రతి వానకీ ఈ ఏడుపెందుకు? సింథటిక్ వేయించుకోవచ్చుగా?” అందామె.

“ప్లాస్టిక్ బకెట్ వాయించుకోమంటారా?”

“బకెట్ నీళ్ళు పట్టుకోడానికైనా పనికొస్తుంది.”

అతనికి ఒళ్ళు మండింది. ఆ రాత్రంతా గట్టి జవాబు వెతుక్కున్నాడు, దొరకలేదు. ఆమె కళ్ళు మాత్రం గుర్తుండిపోయాయి. అప్పట్నుంచీ ఏదో ఒక వంకతో వస్తూనే ఉన్నాడు.

తోలు మోత మెత్తగా ఉంటుంది, చేతికి హాయిగా ఉంటుంది. అందులో అబద్ధం లేదు. కానీ అతను ప్లాస్టిక్ వద్దనడానికి అసలు కారణం వేరు. ఒకసారి బిగించాక అది ఎండకీ వానకీ సాగదు. అప్పుడిక షాపుకి రావడానికి సాకెక్కడ?

ఇవాళ ఆమె తోలుని ముట్టుకోలేదు. లోపల నాన్న వినకుండా గొంతు తగ్గించింది.

“ఆదివారం పార్కులో మీ షో ఉందిగా. నేను బిగించిన ప్లాస్టిక్ డ్రమ్ము వాయిస్తారా?”

“నేనా?”

“అది బాగా పలికితే షాపులో నాకో వేరే బల్ల ఇస్తానన్నారు నాన్న. నా పద్ధతిలో నేను చేసుకోవచ్చు. లేకపోతే సోమవారం వేరే ఊరెళ్ళి కంపెనీ ఉద్యోగంలో చేరిపోతాను.”

కుర్రాడు మనసులో లెక్క వేసుకున్నాడు. షో పాడైతే ఆమె ఊళ్ళోనే ఉండదు. బాగుంటే తనకి సాకుండదు. కానీ సాకు పోతే పోయింది, మనిషి ఉంటుంది కదా.

“వాయిస్తానండీ.”

ఆదివారం సాయంత్రం సరిగ్గా వేళకి జల్లు మొదలైంది. మన వీరుడి కొంప మునిగింది ఇక్కడే.

వాన పడితే డ్రమ్ముని కాస్త సెగకి పెట్టి తోలు బిగించుకోవడం వాయించేవాళ్ళందరికీ అలవాటు. స్టేజి వెనక గదిలో చొక్కా మార్చుకుంటూ, వేరే ఏదో ఆలోచిస్తూ, అతను డ్రమ్ముని హీటర్‌కి ఆనించాడు. ఆ వేరే ఏదో ఎవరో చెప్పక్కర్లేదు. బొత్తాలు పెట్టుకుని తిరిగి చూసేసరికి ప్లాస్టిక్ ముడతలు పడి మధ్యలోకి కుంగిపోయింది.

అప్పుడే గొడుగు ముడుచుకుంటూ మేస్త్రిగారు, వెనకాలే కూతురు లోపలికొచ్చారు. మేస్త్రిగారు డ్రమ్ము వంక చూశారు. “ఇదేనా నీ ప్లాస్టిక్?” అన్నారు.

ఆమె మొహం పాలిపోయింది.

“ఆమె తప్పు కాదండీ!” అని అరిచినంత పని చేశాడు కుర్రాడు. “నేనే తోలనుకుని హీటర్ దగ్గర పెట్టేశాను. దీనికోసం మీ అమ్మాయిని ఊరు పంపకండి. ఆమె వెళ్ళిపోతే నేనుండలేను.”

ఏమన్నాడో అతనికి అప్పుడు తెలిసింది. చెవులు ఎర్రబడ్డాయి.

“అది తర్వాత మాట్లాడదాం,” అందామె తడబడుతూ. “ముందు డ్రమ్ము ఇటివ్వండి. కారుకి స్టెప్నీ ఉండదా? నా సంచీలో ఇంకో ప్లాస్టిక్ ఉంది.”

రెంచితో బోల్టులు విప్పింది. పాడైంది తీసేసి, కొత్తది పరిచి, చుట్టూ కొంచెం కొంచెంగా బిగిస్తూ వేలితో తట్టి చెవి దగ్గర పెట్టుకుంది. బయట మైకులో ట్రూపు పేరు పిలిచేసరికి డ్రమ్ము అతని చేతుల్లో ఉంది.

మేస్త్రిగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “తోలైతే నానబెట్టి, బిగించి, ఆరేసరికి రెండు రోజులయ్యేది,” అని తనలో తానే అనుకున్నారు.

షో అయ్యేదాకా జల్లు ఆగలేదు, డ్రమ్ము గొంతూ తగ్గలేదు. చివరి దెబ్బకి జనం గొడుగులు వదిలేసి చప్పట్లు కొట్టారు. హమ్మయ్య అనుకుంటూ కుర్రాడు స్టేజి దిగాడు.

“తోలంత తీపి లేదు,” అన్నారు మేస్త్రిగారు.

కూతురు ఊపిరి బిగబట్టింది.

“కానీ ఇంత వానలో నా తోలు ఇంతసేపు నిలబడేది కాదు. నీ బల్ల ఎక్కడ వేసుకుంటావో నువ్వే చూసుకో తల్లీ.”

ఆమె అక్కడే ఉన్న కుర్చీలో కూలబడి నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. అతనికి కూడా ప్రాణం లేచొచ్చింది. అంతలోనే మళ్ళీ దిగులు.

“మరిక నేను షాపుకెందుకొస్తాను? ఇది పాడవదుగా.”

ఆమె ఈసారి తడబడలేదు. “మీరు రావాలంటే డ్రమ్మే పాడవ్వాలా? నాకోసం రాకూడదా?”

మేస్త్రిగారు గట్టిగా దగ్గారు. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

“ఈసారి ఒక్కడివే రాకు బాబూ,” అన్నారు గొడుగు విప్పుతూ. “మీ అమ్మానాన్నల్ని తీసుకుని రా.”