అయిదు వాట్లు

"అయిదు వాట్లా? మా ఆవిడ పూజగదిలో బుడ్డిబల్బు కూడా అంతకంటే ఎక్కువ తింటుందమ్మా!" అని నవ్వాడు డైరెక్టర్ పరాంకుశరావు.

చంద్రుడి మీద, కొండకొమ్మున ఉన్న కాలనీ అది. అక్కడి నుంచి దూరాన ఉన్న మంచు గని మేనేజరుతో మాట్లాడడానికి కొత్త యాంటెనా బిగించింది ఇంజినీరు వకుళ.

"ఇది దీపం కాదు సార్, టార్చి. ఉన్న పవరంతా ఒకే వైపుకి పోతుంది. దూరం మింగేది పోగా, అవసరానికి పదిరెట్లు మిగిలేలా లెక్క వేశాను."

"మంత్రిగారు భూమి నుంచి బటన్ నొక్కుతారు. అయిదు వాట్లకి రిబ్బన్ కత్తిరించమంటావా ఆయన్ని? అయిదు వేలు పెట్టు."

"ఏ డిష్ అయినా పక్కలకి కాస్త కారుతుంది సార్. దీనికి వెయ్యోవంతు. మీరు అయిదు వేలు పెడితే ఆ కారేదే నా అయిదు వాట్లంత. కాలనీలో ప్రతి హెల్మెట్టూ వింటుంది."

"ఆడదానికి నాలుగు లెక్కలొస్తే ఇంతే, అణకువ ఉండదు" అని గొణుగుతూ పవర్ తనే పెంచాడు.

ప్రారంభోత్సవం అయిపోయింది. తలుపు వేసుకుని అదే లింకులో మేనేజరుని పిలిచాడు. "గనిలో ఆడవాళ్ళని పనిలోంచి తీసేస్తున్నాం. భూమికి పోయే ఓడ ఎక్కాక చెప్పు. ముందే తెలిస్తే గోల చేస్తారు."

గనిలో షిఫ్టుకి బయలుదేరిన గంగరత్నం హెల్మెట్లో ఆ మాటలు గణగణ మోగాయి. ఆమె వెనకున్న ముప్ఫైమంది ఆడవాళ్ళ హెల్మెట్లలోనూ మోగాయి. అందరూ కంట్రోల్ రూముకి వచ్చి నిలబడ్డారు.

"ఏం బాబూ, ఓడెక్కాకే చెబుతావా? ఇప్పుడే చెప్పు, ముఖం చూస్తూ వింటాం."

పరాంకుశరావు వకుళ మీద విరుచుకుపడ్డాడు. "ఇదంతా నీ పనే!"

విచారణ సంఘం వేశారు. నలుగురూ మగవాళ్ళే. యాంటెనాలో లోపం లేదన్నారు. డైరెక్టరుగారి ఉత్సాహం సహజమన్నారు. వినకూడనివి ఆడవాళ్ళు వినడమే తప్పని తేల్చి, వాళ్ళ హెల్మెట్లలో రిసీవర్లు పీకించారు. మైకులు పీకాలని ఒక్కరికీ తోచలేదు. ఆడవాళ్ళ మాట వినడమనే సంగతే ఎప్పుడూ వాళ్ళ ఆలోచనకి రాలేదు మరి.

ఓడ వచ్చింది. గని వదిలి ఎక్కమని మేనేజరు రేడియోలో గొంతు చించుకున్నాడు. ఒక్కరికీ వినపడలేదు. మంచు తవ్వుతూ వాళ్ళు తిట్టిన తిట్లు మాత్రం, ఓడ ఖాళీగా తిరిగి వెళ్ళేదాకా, ఒక్కటీ పొల్లుపోకుండా ఆయనకి వినపడ్డాయి.