వెనకంతా మసక

మార్కాపురం పలకల క్వారీలో గురవయ్యను పొడిచి పారేసిన మర్నాడు పొద్దున్నే ఏజెంట్ నాగేంద్రకు పిలుపు వచ్చింది. మూడు నెలలుగా టీ అమ్మేవాడి వేషంలో అతనికి కాపలాగా తిరిగిన మనిషి గురవయ్య.

బ్యూరో చీఫ్ దేవరాజు టేబుల్ మీద నలభై ఫోటోలు పరిచి ఉన్నాయి. పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్ వేషంలో అన్నీ నాగేంద్ర తీసినవే. పెళ్లికూతుళ్లకు మేకప్ వేసే ఏంజెల్ విదేశీ ముఠాలో చేరి బ్యూరోకు కబుర్లు మోస్తుంది. ఆమెను కలిసే ముఠా మనిషిని కెమెరాలో పట్టడం అతని డ్యూటీ.

"ఎపర్చర్ ఎంత పెట్టినావు?"

"వన్ పాయింట్ ఫోర్, సార్."

"నంబర్ చిన్నదైతే లెన్స్ కన్ను పెద్దగా తెరుచుకుంటాది. ఒక్క ముఖం తేటగా వస్తాది, ఎనకంతా మసక. ఇది నాకే తెలుసు, నీకు తెలీదా? పెళ్లిలో మూడొందల మంది. ఒక్కడికీ ముఖం లేదు. వాడెవడో తెలిసుంటే గురవయ్య వాడి పక్కనే నిలబడి టీ అమ్మేవాడా? మసక పెట్టమన్నది ఎవరు?"

"ఎనక మసక పెట్టు బావా, నేనొక్కదాన్నే కనపడాల" అని ఏంజెల్ అడిగినప్పుడల్లా మురిసిపోయి పెట్టింది నాగేంద్రే. వయ్యారం అనుకున్నాడు. వెర్రిబాగులవాడు, ప్రేమ అని కూడా అనుకున్నాడు.

"మందుగుండు రైలు పన్నెండున్నరకు గిద్దలూరు దాటుతాది. పేల్చేస్తారని సమాచారం. ఏంజెల్ వాళ్ల మనిషే, మన మనిషి కాదు. ఆమె, వాడు ఇద్దరూ ఆడే ఉంటారు. వాడు కనపడగానే మైకులో చెప్పాల్సిన కోడ్‌వర్డ్: పలక పగిలింది. పో!"

గిద్దలూరు ప్లాట్‌ఫాం. మిట్టమధ్యాహ్నం. జనం కిటకిట. ఎర్రచీరలో ఏంజెల్ నవ్వుతూ ఎదురొచ్చింది.

"ఒక ఫోటో తియ్యి బావా. మసక మర్చిపోబాకు."

"ఎట్ల మర్చిపోతా?"

డయల్ తిప్పాడు. రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు. లెన్స్ కన్ను సూదిబెజ్జమంత అయింది. క్లిక్. దగ్గర్నుంచి దూరం దాకా అంతా తేటగా పడింది. స్క్రీన్ మీద జూమ్ చేశాడు. ఆమె భుజం వెనక, కంటికి ఆనని దూరంలో, కుళాయి పక్కన ఒకడు. భుజాన తువ్వాలు. దాని కింద రిమోట్. బటన్ మీదకు దిగుతున్న బొటనవేలు.

రైలు కూత వినిపించింది.

"పలక పగిలింది! కుళాయి పక్కన, తువ్వాలోడు!" కాలర్ మైకులో అరిచాడు. కూలీల వేషంలో ఉన్న కమాండోలు ఒక్కుదుటున వాడి మీద పడ్డారు. వేలికీ బటన్‌కీ గోరంత సందు ఉండగా చెయ్యి విరిచారు. రైలు దడదడా దాటిపోయింది.

సంకెళ్లు పడుతుంటే ఏంజెల్ అతని వైపు చూసింది. "మసక పెట్టలేదా బావా?"

"మూడు నెలలు పెట్టినా, చాల్లే." చెప్పుతో కొట్టుకోవాలనిపించింది, తన్నే.

సాయంత్రం గురవయ్య భార్య రోశమ్మ నాగేంద్ర ఫోటో స్టూడియోకు వచ్చింది.

"పటం కట్టించాల నాయనా. ఇంట్లో మంచి ఫోటో ఒక్కటీ లేదు. నీతోనే తిరిగినాడు గదా మా ఆయన, చూడు."

నాగేంద్ర నలభై ఫోటోలూ తిప్పాడు. గురవయ్య అన్నిట్లోనూ ఉన్నాడు, ఏంజెల్ వెనక, ముఖం లేని తెల్లచొక్కా మరకగా. ఆమె కనురెప్పల వెంట్రుకలు మాత్రం ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు.